జన్యు చికిత్సకు మొయ్యి విందు

హెచ్‌ఐవిని భూమి మీద లేకుండా చేయాలని మా ఊరు తీర్మానించింది. తీర్మానం ఏకగ్రీవం. పూండి చెరువు నీళ్లు చెన్నై తాగితే తాగనీ, గొప్ప ఆలోచనలు మాత్రం చెరువు పక్కనున్న మాకే ముందు వస్తాయి.

పక్క ఊరివాళ్లు బడికి ఫ్యాన్లు ఇచ్చి పేపర్లో ఫోటో వేయించుకున్నారు. అది చూసినప్పటి నుంచి మా సంక్షేమ సంఘం అధ్యక్షుడు సుందరరాజ్‌కు అన్నం సయించలేదు. అంతలో ఫోనులో ఒక వార్త కనబడింది. హెచ్‌ఐవికి జన్యు చికిత్స కనిపెట్టే పరిశోధన చెన్నైలో ఒకచోట డబ్బు లేక కుంటుతోందట. వెంటనే సభ పెట్టాడు.

"ఫ్యాను ఎవురైనా ఇస్తారు. జీన్‌కు దుడ్లిచ్చిన ఊరు యాడన్నా ఉండాదా?" అని అడిగాడు.

ఎక్కడా లేదని అందరం ఒప్పుకున్నాం.

నిధులు కూడబెట్టడానికి మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, మొయ్యి విందు. పెళ్లిలో చదివింపులను మా వైపు మొయ్యి అంటాం. విందు తిన్నవాడు పెట్టినవాడికి మొయ్యి ఇస్తాడు. రేపు తిన్నవాడి ఇంట్లో శుభకార్యం వస్తే, పుచ్చుకున్నవాడు వెళ్లి తిరిగి పెట్టాలి. బ్యాంకు లోను ఎగ్గొట్టి తలెత్తుకు తిరిగేవాళ్లు మాలో ఉన్నారు. మొయ్యి ఎగ్గొట్టినవాడు మాత్రం లేడు.

బస్టాపు దగ్గర పెద్ద ఫ్లెక్సు లేచింది. చేతులు జోడించి సుందరరాజ్, ఫోను చెవిన పెట్టుకొని మళ్లీ సుందరరాజ్, ఇద్దరి నడుమ పనసకాయంత వైరస్. ఫ్లెక్సు వేసిన కుర్రవాడు అలవాటు కొద్దీ వైరస్‌కు కూడా రోజాపూల దండ వేసి, కింద స్వాగతం రాశాడు. బాగానే ఉందని వదిలేశాం.

ఊళ్లో ఆ జబ్బు ఉన్నది కాంచన ఒక్కదానికే. లారీ నడిపే మొగుడు దాన్ని అంటించి, తాను పోయాడు. తిరువళ్ళూరు ఆసుపత్రి మాత్రలు మింగుతూ ఆమె మాలో చాలామంది కంటే గట్టిగా ఉంది. బడిలో మధ్యాహ్నం వంట ఆమెదే. జబ్బు సంగతి బయటపడిన రోజే పిల్లలందరికీ ఒక్కసారిగా ఆకలి చచ్చిపోయింది. కాబట్టి కాంచన ఆరోగ్యాన్ని దృష్టిలో ఉంచుకొని, ఆమె అడగకపోయినా, విశ్రాంతి మంజూరు చేశాం. విశ్రాంతికి జీతం ఉండదు.

విందు మాట విని ఆమె సుందరరాజ్ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ వంట నేను చేస్తా."

"పెండ్లికూతురి చేత ఎవురన్నా వంట చేపిస్తారామ్మా? ఈ ఫంక్షనే నీది గదా!"

"ఫంక్షను వద్దులేన్నా. బళ్లో పని మళ్లా ఎప్పుడిస్తారు?"

"మందు రానీ. దానికే గదా మేమింత పాటు పడతా ఉండేది."

"అదెప్పుడొస్తాది?"

"పదైదేండ్లు పట్టచ్చంట. రవంత ఓర్చుకో తల్లీ."

ఆదివారం విందు. పరిశోధన చేసే మధుమిత అనే అమ్మాయి చెన్నై నుంచి వచ్చింది. రక్తకణంలోకి వైరస్ దూరే వాకిలి ఒకటి ఉంటుందనీ, ఆ వాకిలిని కట్టే జన్యువును మారిస్తే వైరస్ బయటే నిలబడుతుందనీ తేటగా చెప్పింది. పెద్దాయన మునుస్వామి లేచాడు.

"జీన్ మారిస్తే కులం మారతాదా పాపా? సంబంధాలు చూసేటప్పుడు చిక్కు రాకూడదు, చూడు."

మారదని మధుమిత చెప్పింది. అన్ని చప్పట్లు మా ఊరు అంతకుముందు వినలేదు. కలిసి తింటే, ఒకరు వండింది ఇంకొకరు తింటే ఈ జబ్బు రాదని కూడా చెప్పింది. దానికీ చప్పట్లు కొట్టాం. చదువుకున్న పిల్ల, అట్లాగే చెబుతుంది.

ఆకులు వేశారు. కాంచన మొదటి పంక్తిలో కూర్చుంది. ఇటు పక్క వజ్రమ్మకు ఇంట్లో గేదె గుర్తొచ్చింది. అటు పక్క వేల్‌మురుగన్ మోగని ఫోను ఎత్తుకొని లేచాడు. పంక్తి ఖాళీ అవుతుంటే సంఘం సమయానికి ఆదుకుంది. ముఖ్య అతిథి కింద కూర్చోవడం ఊరికి అవమానమని ప్రకటించి, కాంచన ఆకును ఒంటరిగా వేదిక మీద వేయించింది. శాలువా కప్పే గౌరవం కుర్చీకి దక్కింది. కుర్చీ మీద నుంచి ఆమె స్వయంగా తీసుకోవచ్చని మైకులో చెప్పారు. మధుమిత తన ఆకు పట్టుకొని వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఊరి మర్యాదలు తెలియని పిల్ల!

మొయ్యి చదవడం మొదలైంది. "వేల్‌మురుగన్, మామ వరస, ఐదువందలు!" మామ జన్యువుకా, వైరస్‌కా అని ఎవరూ అడగలేదు. అప్పుడు కాంచన మైకు అందుకుంది.

"నా మొయ్యి ఐనూట ఒక రూపాయి. ఊరంతా కలిసి పుచ్చుకున్న మొయ్యి, ఊరంతా తిరిగి పెట్టాల. వచ్చే శుక్రవారం బస్టాపు కాడ ఇడ్లీ అంగడి తెరస్తా ఉండా. అందురూ వచ్చి, తిని, పెట్టిపోండి."

బిరియాని ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

శుక్రవారం ఊరంతా కదిలి వెళ్లింది. ఒక్కరూ తప్పలేదు. అందరి చేతుల్లో కవర్లు. అయితే ఆ రోజు మా ఊళ్లో భక్తి కూడా పొంగింది. వేల్‌మురుగన్‌కు తిరుత్తణి స్వామి మొక్కు. వజ్రమ్మకు అమ్మవారి ఉపవాసం. క్రీస్తు శ్రమల దినాలు ఇంకా చాలా దూరం ఉన్నా పాల్‌రాజ్ ఆ ఉపవాసాలు ముందుగానే మొదలుపెట్టాడు. సుందరరాజ్‌కు ఏ దేవుడూ సమయానికి దొరకలేదు. డాక్టరు చెప్పాడన్నాడు.

కాంచన కవర్లు తీసుకొని నవ్వింది. "ఉపాసం చెడకుండా ఆవిరి చూసి పొండి మామా. దానికి దుడ్లు లేవు."

అంతలో తిరుత్తణి బస్సు ఆగింది. కండక్టరు దిగి నాలుగిడ్లీ తిన్నాడు. మంచిచెడ్డలు తెలిసిన మనిషి కాబట్టి వేల్‌మురుగన్ అతని చెవిలో సంగతి ఊదాడు. కండక్టరు వేళ్లకంటిన చట్నీ నాకాడు.

"మా తమ్మునికీ ఉండాది. వాని చేతి కూడూ కొళంబూ తినే పెరిగినారు నా బిడ్డలు. అక్కా, ఇంకో రెండు ఎయ్యి." బస్సులోకి చూసి ఈల వేశాడు. జనం దిగారు. వేడి ఇడ్లీల మీద సాంబారు పోస్తుంటే, ఊరు ఊరంతా గుటకలు మింగుతూ చూసింది.

ఇప్పుడు బస్సు అక్కడ పది నిమిషాలు ఆగుతోంది. కాంచన ఇంకో పొయ్యి కట్టింది. మా ఉపవాసాలు నిరాటంకంగా సాగుతున్నాయి. పరిశోధనకు మా మద్దతు కూడా అంతే. మీరు చదువుకున్నవాళ్లు, ఇడ్లీతో జబ్బు రాదని తెలిసినవాళ్లు. ఎప్పుడైనా ఆ దారిన వస్తే దిగి తినండి. ఏమిటి, ఆ రోజు మీకేదైనా మొక్కుందా అని ఇప్పుడే ఆలోచిస్తున్నారా? అయితే మీరు మావాళ్లే. మా సంఘంలో సభ్యత్వం ఉచితం.