వంతెన కింద నెవిల్

ఆ శనివారం పొద్దున్న మారామా పెట్టుకున్న పని చిన్నదే. ఎగువ పొలాలకు వెళ్ళి, పాడి రైతులు వైతోరు నదిలోంచి ఎంత నీరు తోడుకుంటున్నారో మీటర్లు చూడాలి. అనుమతికి మించి తోడినవాళ్ళను మర్యాదగా మందలించాలి. మధ్యాహ్నానికల్లా మంచి గౌను వేసుకుని హేనీ ఆంటీ మనవరాలి పెళ్ళికి చేరుకోవాలి. పెళ్ళి నది ఒడ్డునే, సెలవులకొచ్చినవాళ్ళు గుడారాలు వేసుకునేందుకు ఆంటీ నడిపే మైదానంలో.

మారామా ప్రాంతీయ మండలి ఉద్యోగి. నదీ, గాలీ, నేలా ఎలా ఉన్నాయో, ఎవరు ఎంత వాడుకుంటున్నారో కనిపెట్టుకుని ఉండటం ఆ మండలి పని. అయితే వైతోరు మీది వంతెన జిల్లా మండలిది. ఆ వంతెన అడుగున బిగించిన పెట్టె మళ్ళీ ప్రాంతీయ మండలిది. నీరు తనకు ఎంత దగ్గరగా వచ్చిందో ఆ పెట్టె కిందికి చూస్తూ కొలుస్తుంది. హద్దు దాటితే ఊళ్ళో అందరి ఫోన్లకూ దానంతటదే హెచ్చరిక పంపుతుంది. ఈ రెండు మండళ్ళూ ఒకే ఊళ్ళో కాపురమున్న తోడికోడళ్ళ లాంటివి. ఒకరు చేసేది ఇంకొకరికి చెప్పుకోరు. అందువల్ల వంతెన అడుగున రంగు వేయడానికి జిల్లా మండలి నెవిల్ అనే ముసలాయనను పంపిన సంగతి మారామాకు తెలియదు.

ఆమె మొదటి పొలం గేటు తీస్తుండగానే ఫోను మోగింది. "వైతోరు ప్రమాదకరంగా పెరుగుతోంది. వెంటనే ఒడ్డు వదిలి వెళ్ళండి." మారామా తలెత్తి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇంట్లో ఉన్న పై అధికారి గ్రేమ్‌కు ఫోను చేసింది.

"నది మూడు మీటర్లు లేచిందట, గ్రేమ్."

"వాన ఎక్కడ పడింది?"

"ఎక్కడా పడలేదు."

"మరి నీళ్ళెక్కణ్ణించి వచ్చాయి?"

"అదే మిమ్మల్ని అడుగుదామని చేశాను."

కొండచరియ విరిగి నదికి అడ్డంపడి ఉంటుందని, ఆ కట్ట ఇప్పుడు తెగి ఉంటుందని గ్రేమ్ తేల్చాడు. ఆయన అది వివరిస్తుండగానే మారామా ఫోనులో నీటిమట్టం చూపే గీత కిందికి జారిపోయింది.

"గ్రేమ్, దిగిపోయింది."

"ఎంత?"

"మొత్తం." ఆమె ఇంకోసారి చూసుకుంది. "లేదు, మళ్ళీ లేచింది."

"అది నదా, లిఫ్టా?" అన్నాడు గ్రేమ్. "కళ్ళతో చూసినవాళ్ళని అడుగు."

మారామా హేనీ ఆంటీకి ఫోను చేసింది.

"నదికేమయిందమ్మాయ్? మోకాలు కూడా తడవదు," అంది ఆంటీ. "కాకపోతే అవతలి గట్టున డగ్లస్ ఆవుల్ని కొండెక్కిస్తున్నాడు. వాడికేదో తెలిసే ఉంటుంది. ఎందుకైనా మంచిదని మావాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు."

డగ్లస్‌కు చేస్తే ఆయన మాట ఇంకోలా ఉంది. "హేనీ మనుషులు కుర్చీలు మోస్తున్నారు. ఊరికే మోస్తారా? వాళ్ళను చూసే నేను ఆవుల్ని తోలాను."

ఇద్దరి మాటలూ కలిపి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. రెండు గట్లవాళ్ళూ కదులుతున్నారంటే నిజమే అనుకున్నాడు గ్రేమ్. మైదానం ఖాళీ చేయించమన్నాడు.

"నేనెలా కదులుతాను?" అంది ఆంటీ. "గుంటలో రాళ్ళు కాల్చి, రెండు గొర్రెల మాంసం, బస్తాడు చిలగడదుంపలు పెట్టి మట్టి కప్పాను. పెళ్ళికొడుకుని ఎత్తుకెళ్ళమంటే ఎత్తుకెళ్తాను. హాంగీ గుంటని ఎలా ఎత్తుకెళ్ళను?"

చివరికి గుంట తవ్వారు. మాంసం ఇంకా ఎర్రగానే ఉంది. పెళ్ళికూతురు గౌను మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, పెళ్ళికొడుకు పచ్చిమాంసం బుట్ట ఎత్తుకుని, అందరూ ఇవతలి గట్టు కొండ మీదున్న, డగ్లస్ గారి గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టంలోకి ఎక్కారు.

మారామా కారు తిప్పి వంతెన దగ్గరికి పరిగెత్తించింది. కింద వైతోరు గులకరాళ్ళ మీద సన్నగా పారుతోంది. చేతిలోని ఫోను మాత్రం మూడు మీటర్లు అంటోంది. ఆమె దాన్ని విదిలించింది. అప్పుడు పిట్టగోడకు కట్టిన తాళ్ళు కనిపించాయి. వంగి కేకేసింది. తాళ్ళ కొసన వేలాడే చెక్కపలకను ప్రక్కకు జరుపుకుని, రంగు పూసుకున్న ముఖం ఒకటి పైకి వచ్చింది.

ఫోనులో నది దిగిపోయింది.

"నువ్వేనా తల్లీ ఆ మెసేజీలు పంపేది?" అన్నాడు నెవిల్. "పలక మీద పడుకోగానే వరదొస్తోంది పారిపోమంటుంది. పైకెక్కి చూస్తే నీళ్ళుండవు. పోనీలే అని మళ్ళీ కిందికెళ్తే మళ్ళీ వరదంటుంది. పొద్దుట్నుంచీ ఎక్కీ దిగీ మోకాళ్ళు పోయాయి."

"ఒక్కసారి మళ్ళీ కిందికి వెళ్ళండి," అంది మారామా నెమ్మదిగా.

ఆయన వెళ్ళాడు. నది లేచింది.

"ఇప్పుడు రండి."

ఆయన వచ్చాడు. నది పడింది. పెట్టె కొలుస్తున్నది నెవిల్ పొట్టనని మారామాకు అర్థమైంది. ఆ సంగతి గ్రేమ్‌కు ఏ మాటల్లో చెప్పాలో మాత్రం అర్థం కాలేదు.

హెచ్చరిక రద్దయింది. నెవిల్‌ను సోమవారం రమ్మని ఇంటికి పంపేశారు. పెళ్ళివారు కొండ దిగి, రాళ్ళు మళ్ళీ కాల్చి, మాంసం మళ్ళీ పూడ్చారు. మారామాను చూసిన ప్రతివాళ్ళూ నెవిల్ ఎత్తెంతో, లావెంతో అడిగారు. ఆమె నవ్వలేక నవ్వుతూ చెట్టు నీడన కూర్చుంది.

ప్రమాణాలయ్యాయి. బల్లలు వేశారు. అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. వైతోరు ప్రమాదకరంగా పెరుగుతోందట. మైదానమంతా పగలబడి నవ్వింది. మారామా కూడా ఫోను బోర్లించి పెట్టింది. హేనీ ఆంటీ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి నెవిల్‌కు ఫోను చేసింది.

"మళ్ళీ పలకెక్కావా నాయనా? దిగు. భోజనాల వేళ."

"ఏ పలక? నేను ఇంట్లో తొట్టిలో ఉన్నాను."

"ఏ తొట్టిలో?"

"స్నానాల తొట్టిలో. రంగు వదలక చస్తున్నాను."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆంటీ ఫోనును నోటికి దగ్గరగా పెట్టుకుంది. "మరి నదినెవరు ఎత్తుతున్నారు, నెవిల్?"

అందరూ తలలు తిప్పి చూశారు. పొద్దుటి నీళ్ళు కావవి. మట్టిరంగు తిరిగి, కొమ్మలూ రెమ్మలూ మోసుకుంటూ గట్టును నాకుతున్నాయి. ఎగువ కొండల వెనక, ఇక్కడికి కనపడని చోట, ఎప్పుడో కుండపోత మొదలైంది.

ఈసారి ఎవరూ ఎవర్నీ చూసి కదలలేదు. మారామా పసిపిల్లల్ని చెరో చంకనా వేసుకుని పరిగెత్తింది. ఆంటీ మాత్రం హాంగీ తవ్వించందే అడుగు కదపనంది. చివరి బుట్ట పైకి తీసిన కాసేపటికే నీళ్ళు గుంటలోకి దూకాయి. కాలిన రాళ్ళు బుస్సుమన్నాయి. కుర్చీలు, గుడారాలు, పెళ్ళి మేళం వాళ్ళ పెద్ద డ్రమ్మూ నదిలో కలిసిపోయాయి. మనుషులందరూ ఉన్ని కొట్టంలో ఉన్నారు. ఆంటీ రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత ఒక ముక్క నోట్లో వేసుకుని చూసి, వడ్డించమంది.

అప్పట్నుంచి వైతోరు హెచ్చరిక మోగితే ప్రాంతీయ మండలి ముందుగా ఫోను చేసేది నెవిల్ భార్యకు, ఆయన ఇంట్లోనే ఉన్నాడా అని.