అప్రకటిత నిమ్మకాయ

కారంటే ఒక ఇంజను, నాలుగు చక్రాలు, ఒక స్టీరింగు అని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా మిగిలే ఉన్నారు. ఐర్లండ్‌లో కారంటే ముందు అద్దానికి అంటించిన మూడు కాగితాలు. ఒకటి బీమాది, ఒకటి రోడ్డు పన్నుది, ఒకటి బండి పరీక్ష పాసైందన్నది. మిగతా ఇనుమంతా ఆ కాగితాలు గాలికి ఎగిరిపోకుండా కింద పెట్టిన బరువు. ఈ సత్యం తెలియక డబ్లిన్ శివార్లలోని మా ఆడమ్స్‌టౌన్‌లో ఒక మనిషి ఆ బరువును బాగుచేయబోయాడు.

అతని పేరు రాజ్‌కిరణ్. మా ఎదురిల్లే. లీక్స్‌లిప్‌లోని కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పగలంతా దుమ్ము రేణువు కూడా దూరలేని గదిలో తెల్ల ముసుగు తొడుక్కుని పని చేస్తాడు కాబట్టి, సాయంత్రం కాస్త గ్రీజు కనబడితే ప్రాణం లేచొస్తుంది. జపాన్ నుంచి ఓడలో దిగిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. ఇంట్లో మనుషులు అంతకంటే ఎక్కువమందే ఉన్నారన్న విషయాన్ని భార్య సుధేష్ణ వివిధ సందర్భాల్లో ప్రస్తావించింది.

ఆ కారు ఇంజనుకు టర్బో లేదు. టర్బో అంటే ఇంజన్లోకి గాలిని బలవంతంగా ఊదే పరికరం. రాజ్‌కిరణ్ దృష్టిలో అది కాపీ కొట్టి పరీక్ష పాసవడంతో సమానం. "ఒకడు ఊదితే పీల్చేది ఊపిరెట్లయితదన్నా? ఇది సొంతంగ పీల్చుకుంటది," అంటూ నాకు బానెట్ ఎత్తి చూపించాడు. సొంతంగా పీల్చుకునేది ఇంకా బాగా పీల్చుకోవాలని వెడల్పాటి గాలి గొట్టం వేశాడు. పొగ తేలిగ్గా పోవడానికి కొత్త మేనిఫోల్డు పెట్టాడు. వాల్వుల్ని ఇంకాస్త పైకెత్తే క్యామ్‌షాఫ్టు బిగించాడు. పక్కింటి మార్తా ఆంటీ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వస్తూ ఆగి, "సొంతంగా ఊపిరి తీసుకుంటున్న పేషెంటుకి ఇన్ని గొట్టాలేంటయ్యా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఇంత ఆపరేషను చేస్తే పెరిగిన బలం ఎంతో నేను అడగలేదు, అతను చెప్పలేదు. (టర్బో లేని ఇంజనుకు ఎంత చాకిరీ చేసినా అదనంగా వచ్చేవి ఒక గుర్రం, దాని వెనక ఒక గాడిదపిల్ల అని తెలిసినవాళ్లు అంటారు.) ఆ గుర్రమైనా ఇంజను గొంతు చించుకునే వేగం దగ్గరే బయటికొస్తుంది. ఆఫీసు వేళ మా ఊరి రోడ్ల మీద ఆ వేగం సాధించాలంటే కారును లారీలో ఎక్కించాలి. అయినా, న్యూట్రల్‌లో పెట్టి ఒక్కసారి తొక్కి వినిపించాడు. రోజూ డాక్‌ల్యాండ్స్‌లోని ఆఫీసు దాకా రైల్లో, లూవాస్ ట్రాములో నిలబడి నిద్రపోతూ వెళ్లే నాకు ఆ కేక వినగానే ఒళ్లు పులకరించింది. అసూయ కూడా కలిగింది. దాచడమెందుకు?

ఇక బీమా కంపెనీ. (పేరు చెబితే నా పాలసీ కూడా పరిశీలనలోకి వెళ్తుంది కనుక చెప్పను.) ఆ కంపెనీలో సవరణల విభాగం అని ఒకటుంది. కారులో ఏ మార్పు చేసినా వారికి ప్రకటించాలి. ప్రకటించకపోతే పాలసీ రద్దు. ఒకసారి రద్దయినవాడు బతికున్నంత కాలం ప్రతి కంపెనీకీ "నన్నొకరు రద్దు చేశారు" అని చెప్పుకుంటూ తిరగాలి. విడాకులకు కూడా ఇంత కఠిన నిబంధన లేదు. అప్పుడిక కారు ఇంటి ముందు, రాజ్‌కిరణ్ బస్సు స్టాపులో. అందుకని నిజాయితీపరుడైన రాజ్‌కిరణ్ స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. పలికినవాడు విభాగాధికారి ఫిన్‌బార్. (వారిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు. మర్యాద తగ్గకుండా తెలుగులోకి తెస్తున్నాను.)

"గాలి గొట్టం మార్చానండీ."

"గ్రాండ్."

"మేనిఫోల్డు కూడా."

"గ్రాండ్, గ్రాండ్."

"క్యామ్‌షాఫ్టు..."

"దట్స్ గ్రాండ్. నేనే వచ్చి ఒకసారి చూస్తాను."

ఇక్కడ చిన్న భాషాసమస్య ఉంది. ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే 'సరేలే' అని అర్థం. వానొచ్చినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. మనకు గ్రాండ్ అంటే షామియానా, బ్యాండుమేళం, రెండు రకాల స్వీట్లు. ఆ ఫోను వింటూ సోఫాలో కూర్చున్నది సుధేష్ణ తండ్రి తిరుపతయ్య. జమ్మికుంట నుంచి చుట్టపుచూపుగా వచ్చాడు. తాసిల్దారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి.

"ఒప్పుకున్నట్టే మామయ్యా," అన్నాడు రాజ్‌కిరణ్.

"ఒప్పుకునుడేంది అల్లుడూ, అన్నిసార్లు గ్రాండ్ అన్నడు. నా సర్వీసుల ఏ ఆఫీసరు గంత ఖుషీగ మాట్లాడంగ వినలె. ఆయన అన్నట్టే గ్రాండ్‌గ చేద్దాం."

చేశారు. బానెట్‌కు పసుపు, కుంకుమ. టైర్ల కింద నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టినందుకు కాలనీ నిర్వాహకుల నుంచి 'గుర్తు తెలియని చిప్ప' గురించి అందరికీ ఈమెయిల్ వచ్చింది. దిష్టికి నిమ్మకాయా పచ్చిమిరపకాయల దండ కట్టాలన్నప్పుడు సుధేష్ణ సూపర్‌మార్కెట్ నుంచి పసుపుపచ్చ నిమ్మకాయలు తెచ్చింది. తిరుపతయ్య వాటిని తిప్పి చూసి, "గివి నిమ్మకాయలా బిడ్డా? బత్తాయిలకు కామెర్లయినట్టున్నయి," అని తోసేశాడు. లూకన్‌లో ఇండియన్ షాపుకెళ్లి చిన్న ఆకుపచ్చ కాయలు తెచ్చి కట్టాక గాని ఆయన మనసు కుదుటపడలేదు.

మర్నాడు ఫిన్‌బార్ టార్చిలైటుతో వచ్చాడు. గొట్టం చూశాడు, గ్రాండ్. మేనిఫోల్డు, గ్రాండ్. క్యామ్‌షాఫ్టు బిల్లు, గ్రాండ్. బంపరుకు వేలాడుతున్న దండ దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"ఇది ప్రకటించలేదే. దీనివల్ల కారు పనితీరు పెరుగుతుందా?"

రాజ్‌కిరణ్ ఇరుక్కుపోయాడు. పెరుగుతుందంటే అప్రకటిత సవరణ, పాలసీ రద్దు. ఏమీ కాదంటే పక్కనే మామగారు.

"నివారణ కోసం," అన్నాడు చివరికి.

"దేన్ని నివారిస్తుంది?"

"చూపుని."

"ఎవరి చూపు?"

"ఎవరిదైనా సరే. ఇప్పుడైతే మీదే."

ఫిన్‌బార్ ఒకడుగు వెనక్కి వేసి, ఫోటో తీసుకుని, 'చూడబడకుండా నిరోధించు బాహ్య సేంద్రియ పరికరం' అని టాబ్లెట్‌లో రాసుకున్నాడు. అంతటితో ఆగక, గోడవతల నిలబడ్డ మార్తా ఆంటీని మీ కారుకేమైనా ఉందా అని అడిగాడు.

"మా పాస్టరుగారు ప్రార్థన చేశారు బాబూ."

"దానికి బరువు ఉందా?"

"లేదు."

"అయితే ప్రకటించనక్కర్లేదు."

రాజ్‌కిరణ్ ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో 'ఒక లెమన్, కొన్ని మిరపకాయలు' అని సక్రమంగా ప్రకటించాడు. కొంప ముంచింది ఆ ప్రకటనే. ఫోటోలో ఉన్నది పసుపుపచ్చ లెమన్ కాదు, ఆకుపచ్చ లైమ్ అని కంపెనీ కనిపెట్టింది. ప్రకటించినది ఒక కాయ, బిగించినది వేరొక కాయ, కావున ఇది తప్పుడు ప్రకటన, కావున శుక్రవారం నుంచి పాలసీ రద్దు అని నోటీసు వచ్చింది.

ఆ నోటీసు పట్టుకుని రాజ్‌కిరణ్ మా ఇంటికొచ్చాడు. "నిమ్మకాయను ఇంగ్లీషుల లెమన్ అంటరనే గదన్నా మనకు బళ్లె చెప్పింది?" అన్నాడు. నిజమే. మన దేశంలో కోట్లమంది జీవితాంతం లైమ్ పిండుకుని లెమన్ జ్యూస్ అని తాగుతారు. ఇన్నాళ్లూ ఎవరి పాలసీ రద్దు కాలేదు.

ప్రకటన మార్చుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. కాయ మార్చి పసుపుపచ్చది కడదామంటే, "కామెర్ల కాయకు దిష్టి పోతదా?" అని తిరుపతయ్య అడ్డం తిరిగాడు. "రెండూ కట్టేయండి, గొడవొదిలిపోద్ది," అంది మార్తా ఆంటీ. కట్టారు. కట్టాక ఆకుపచ్చ కాయ మళ్లీ అప్రకటితమైంది. సుధేష్ణ ముందు కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత దాన్నీ వదిలేసి పగలబడి నవ్వింది. ఆమె నవ్వు చూసి నాకూ నవ్వాగలేదు. రాజ్‌కిరణ్ ఒక్కడే నవ్వలేదు. కారు పోయేది అతనిది.

చివరికి నన్ను స్వతంత్ర భాషానిపుణుడిగా నియమించారు. (అర్హత: ఎదురిల్లు.) తెలుగు భాషలో లెమన్, లైమ్ రెండూ చట్టరీత్యా ఒకే కాయ అని, ఈ విషయమై తెలుగువారి మధ్య ఎన్నడూ వ్యాజ్యం నడవలేదని ధ్రువీకరించి సంతకం పెట్టాను. కంపెనీ దాన్ని సేంద్రియ సవరణల ఉపసంఘానికి పంపింది. అలాంటి ఉపసంఘం అంతకుముందు లేదు. ఇప్పుడు అధ్యక్షుడితో సహా ఉంది.

గురువారం ఫిన్‌బార్ ఫోన్ చేశాడు. అందరం స్పీకరు చుట్టూ చేరాం. పాలసీ కొనసాగుతుందన్నాడు. క్యామ్‌షాఫ్టుకు అభ్యంతరం లేదు. నిమ్మకాయను దొంగల అలారం పక్కన, భద్రతా పరికరాల కింద చేర్చారు. అది ఎండిపోతే బీమా చెల్లదు. శనివారం శనివారం కొత్తది కట్టి, కొత్త సవరణగా ప్రకటించాలి. తిరుపతయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. రాజ్‌కిరణ్ బయటికి పరుగెత్తి ఇంజను స్టార్ట్ చేసి ఒక్క తొక్కు తొక్కాడు. వీధంతా ఆ కేకకు ఊగిపోయింది. పిచ్చి సంతోషంతో మేమూ ఊగాం.

ఆ ఊపులోనే తిరిగొచ్చి ఫోను అందుకుని అడిగాడు. "ఇంకొక్క మాటండీ. హైదరాబాద్‌లో ఏళ్లకేళ్లు కారు నడిపాను. ఎవరికీ చిన్న గీత కూడా పెట్టలేదు. ఆ అనుభవాన్ని మీరు సున్నా అని రాసుకున్నారు. కాస్త లెక్కలోకి తీసుకుంటారా?"

అవతల కొంతసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. ఫిన్‌బార్ మంచివాడు, నిజంగానే నొచ్చుకున్నాడు.

"కుదరదండీ. హైదరాబాద్‌ను మాలో ఎవరూ చూడలేదు. నిమ్మకాయనైతే నేను కళ్లారా చూశాను."