వంద ఎకరాల అడ్మిరల్

నౌకాదళంలో పైకి రావాలంటే సముద్రం తెలిస్తే చాలదు, కాళ్ళ కింద సొంత నేల కూడా ఉండాలి. ఈ మహాసత్యం శ్యామ్ సుందర్‌కు ఇరవై రెండో ఏటే బోధపడింది. కొత్త అధికారుల విందులో ఒకడు తన తాతల కాఫీ తోటల గురించి, ఇంకొకడు ఆపిల్ తోటల గురించి చెప్పాక అందరూ ఇతనివైపు తిరిగారు. వినుకొండ దగ్గర పరాయి చేలల్లో మిరపకాయలు కోసే అంకమ్మ కొడుకు ఒక్క క్షణం ఆలోచించి, "మాకు మిరపతోట ఉంది. ఐదెకరాలు," అన్నాడు.

ఆ భూమి మంచి సారవంతమైనది. అతను కమాండర్ అయ్యేసరికి ఇరవై ఎకరాలైంది. కెప్టెన్ హోదాతో యాభైకి చేరింది. రియర్ అడ్మిరల్ అయిన రోజున నిండా వంద. పల్నాడులో వానలు పడని ఏళ్ళలో కూడా ఆ తోట ఎండలేదు. అబద్ధమాడుతున్నానని అతనికెప్పుడూ అనిపించలేదు. హోదాకు తగ్గ యూనిఫారం కుట్టించుకున్నట్టే, హోదాకు తగ్గ బాల్యమూ కుట్టించుకున్నాడు.

ఈ ఫిబ్రవరిలో అతని పై అధికారి వైస్ అడ్మిరల్ భాటియా వాడరేవు తీరానికి తనిఖీకి వచ్చాడు. "నీ తోట ఇక్కడికి రెండు గంటల దారేనటగా. రేపు చూద్దాం," అన్నాడు. శ్యామ్ సుందర్ తర్వాతి పదోన్నతికి పంపాల్సిన నివేదిక రాసేది ఆయనే.

ఆ సాయంత్రమే శ్యామ్ సుందర్ చిన్ననాటి స్నేహితుడు మాబు సాహెబ్ దగ్గరికి, అతను మిరపకాయలు ఆరబోసుకున్న కల్లానికి వెళ్ళాడు.

"ఒరేయ్ మాబూ, రేపొక్కపూట ఈ చేను నాదనుకోవాలిరా."

"అనుకోవడానికేముంది? పదేళ్ళుగా నేనూ నాదనే అనుకుంటున్నా. కౌలు చేనురా ఇది."

"రేపు నువ్వు మేనేజరువి."

"మేనేజరంటే ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. అవసరమైతే తలొంచుకో."

అక్కణ్ణించి తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆమెకు మంచి ఇల్లు కట్టించాడు, ఏసీ పెట్టించాడు. అయినా ఆమె చేతులు ఊరుకోవు. కాయల కాలం రాగానే కల్లానికి పోయి, ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచుతూ కూర్చుంటుంది.

"అమ్మా, రేపు మాత్రం కల్లానికి రావద్దు. అస్సలు రావద్దు."

"ఏమొచ్చిందిరా రేపు?"

"మా పెద్దాఫీసరు వస్తున్నాడు... ఎండ ఎక్కువమ్మా."

"డెబ్బై ఏళ్ళుగా లేని ఎండ రేపొస్తుందా నాయనా?"

మర్నాడు భాటియా ఎర్రటి కుప్పల మధ్య నిలబడి నాలుగుసార్లు తుమ్మాడు. కూలీ ఆడవాళ్ళు ఘాటుకు ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని, కళ్ళు మాత్రమే కనిపించేట్టు కూర్చున్నారు. శ్యామ్ సుందర్ తన వంద ఎకరాల గురించి హిందీలో చెబుతూ చెబుతూ ఒక కుప్ప పక్కన చతికిలబడ్డాడు. కూర్చోగానే చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. బొటనవేలి గోటితో టక్కున, రెండేసి ముచ్చికలు. నోరు తోట గురించి చెబుతోంది. చేతులు వినడం లేదు.

"యజమానంటే ఇలా ఉండాలి," అని మెచ్చుకున్నాడు భాటియా. అంతలో కుప్పకు అవతల, అచ్చం అలాగే గోటితో రెండేసి తుంచుతున్న ముసలామె ఆయన కంటబడింది. ఆయన మొహం ముడుచుకుంది. "వంద ఎకరాలున్నవాడివి, ఈ వయసు మనిషిని ఎండలో కూర్చోబెట్టావా? ఇంటిదగ్గర ఎందుకు ఉండదో అడుగు."

శ్యామ్ సుందర్ తలెత్తాడు. గుడ్డ పైనున్న కళ్ళు చూశాడు. గొంతు సవరించుకుని, మర్యాదగా అడిగాడు.

"ఏమ్మా, ఇంటిదగ్గర ఉండొచ్చుగా?"

ఆమె పక్కన కూర్చున్న తోటి కూలీ నజీరాకు దగ్గొచ్చింది. అది ఘాటు వల్ల వచ్చిన దగ్గు కాదు.

అంకమ్మ గుడ్డ తియ్యలేదు. చేతులూ ఆపలేదు. "ఈ దొరగారి తప్పేం లేదయ్యా," అంది భాటియా వైపు చూస్తూ. "ఇంటికాడ కూర్చోమనే చెబుతాడు. నిన్నయితే మరీ మరీ చెప్పాడు."

"ఏమంటోంది?" అన్నాడు భాటియా.

కల్లంలో తెలుగూ హిందీ రెండూ బాగా తెలిసిన ఇంకో మనిషి మాబు సాహెబ్. మేనేజరు హోదాలో అతను తలొంచుకున్నాడు.

"యజమాని చాలా మంచివాడంటోంది సార్," అన్నాడు శ్యామ్ సుందర్.

వేసవికల్లా పదోన్నతి వచ్చింది. తోట నూటయాభై ఎకరాలైంది. భాటియా పంపిన నివేదికలో ఒక వాక్యం కింద ఆయనే స్వయంగా గీత గీశాడు: "ఈ అధికారి తన కూలీలను కన్నతల్లుల్లా చూసుకుంటాడు."