ఇళ్లు తీసేస్తే కారు ఆగదు

అయ్యా, గ్రాఫిక్స్ తగ్గించుకున్నవాడే సుఖపడతాడు! కంప్యూటర్‌లో కారు ఆట ఆడేవారిని ఎవరినైనా అడగండి. చెట్లెందుకు? మబ్బులెందుకు? అవన్నీ గీయలేకే కదా పాపం ఆ మెషిన్ ఆయాసపడేది!

ఈ సత్యాన్ని బొంబాయి కామాటిపురాలో మొట్టమొదట గ్రహించిన మహానుభావుడు శంకర్రావు. 1989లో, ఆఫీసువాళ్లు పాతదని పక్కన పడేసిన కంప్యూటర్‌ని టాక్సీలో ఒళ్లో పెట్టుకుని, గదికో కాపురముండే తమ చాల్‌కి తెచ్చాడు. ఖోలీ అనే ఆ పదడుగుల గదిలో దానికి చోటివ్వడానికి పిండి డబ్బా మంచం కిందికి పోయింది. తీరా ఆట మొదలుపెడితే కారు కాస్త కదిలి ఆగుతుంది, మళ్లీ కదిలి ఆగుతుంది. ఫోరస్ రోడ్ మీద చేతిబండి నయం!

తండ్రి ముత్తయ్య నలభై ఏళ్లు ఈ ఊళ్లో మేస్త్రీ పని చేశాడు. మోకాళ్లు పోయి ఇంట్లో కూర్చున్నాక ఆయనకి నోరు పెగలడం లేదు. ఎలా మాట్లాడించాలో తెలియక శంకర్రావు లోలోపల కుమిలిపోతున్నాడు. అలాంటిది, తెర మీద మేడలు కనబడగానే ముసలాయన స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"ఆగుతది మరి! బిల్డింగు కాడ ఇటుకలు మోసేటోళ్లు అడ్డమొస్తరు. పోనియ్యి వాళ్లను," అన్నాడు. ఇంకో మేడ చూసి, "గా మూల గోడ వంకర పోయింది. తూకం గుండు పట్టి చూడలే ఎవడో!" అని కోప్పడ్డాడు.

ఆర్నెల్లలో ఆయన అన్ని మాటలాడింది ఆ సాయంత్రమే. శంకర్రావుకి ఎంత ఆనందమో!

కానీ స్పీడు సంగతేమిటి? ఆదివారం పూట సెట్టింగుల ముందు బైఠాయించాడు. మబ్బులు తీశాడు, కొంచెం నయం. చెట్లు తీశాడు, ఇంకొంచెం నయం. ఆఖరికి మేడలన్నీ పీకేశాడు. ఆహా! కారు నూనె రాసినట్టు జారిపోయింది.

"జూడు నాయినా, ఎంత సాఫ్ పోతున్నదో! ఏడా ఆగుతలేదు."

ముత్తయ్య చాలాసేపు చూశాడు. రోడ్డుకి అటూ ఇటూ ఖాళీ.

"మంచిగనే పోతున్నది బిడ్డా. మరి ఎవరింటికి పోతున్నవ్?"

అని, స్టూలు పట్టుకుని గుమ్మం బయటి గ్యాలరీలోకి వెళ్లిపోయాడు.

చూశారా, పాఠకులారా! పక్కన కూర్చుని గోల చేసేవాడు కూడా లేడు. ఇంతకంటే సుఖం ఏముంటుంది?

ఆ తెలివితక్కువ శంకర్రావు ఏం చేశాడో తెలుసా? మేడలన్నీ మళ్లీ పెట్టాడు. కారు ఆగినప్పుడల్లా గుమ్మం వైపు చూస్తున్నాడు. ముసలాయన ఇంకా లోపలికి రాలేదు.