వెనక సీటు ఫిర్యాదు

మోటారు సైకిలుకు వచ్చే రోగాలలో అప్పుడప్పుడు మాత్రమే వచ్చే రోగం మిక్కిలి క్రమశిక్షణ లేనిది. ఎప్పుడూ ఆగే బండికి వైద్యం ఉంది. ఎప్పుడూ ఆగని బండికి వైద్యం అక్కర్లేదు. ఈ రెండింటి మధ్య ఊగే బండిని ఏ గడిలో రాసుకోవాలో నాగరిక సమాజం ఇంతవరకు తేల్చుకోలేదు.

మా ఆయన ప్రదీప్‌కుమార్ బండి ఆ మధ్యరకం. కల్లూరులోని మా ఇంటి నుంచి కర్నూలులో ఆయన పుస్తకాల అంగడికి రోజూ బంగారంలా పోతుంది. నేను వెనక ఎక్కితే మాత్రం, గుంత తగలగానే లైటు, హారను, ఇంజను మూడూ కూడబలుక్కుని ఆరిపోతాయి. నేను దిగితే మళ్లీ బతుకుతాయి.

నందికొట్కూరులో ఒక బడికి ఫిజిక్సు టీచరు కావాలన్నారు. (నాది బీఎస్సీ ఫిజిక్సు. ఈ పదిహేనేళ్లలో అది ఎక్కువగా కుక్కరు వాషరుకే పనికొచ్చింది.) మొదటిసారి పిలిచినప్పుడు బండి దారిలో నాలుగుసార్లు ఆగింది. నేను చేరేసరికి మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ప్రిన్సిపాలు రెజీనా మేడం దయతలచి ఇంకొక్క అవకాశమిచ్చారు. సోమవారం తొమ్మిదికి డెమో క్లాసు, ఆలస్యమైతే పోస్టు వేరేవాళ్లకి.

అందుకని గురువారం బండిని సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాం. అక్కడి ఫిర్యాదుల అధికారి తేజేశ్వర్ నిబంధన చదివి వినిపించాడు: లోపం ఉదయం పదికీ ఒంటిగంటకీ మధ్య స్వయంగా హాజరు కావలెను. (పింఛనుదారులు బతికే ఉన్నామని చూపించుకున్నట్టు.) తర్వాత బండెక్కి ఆవరణలో మూడు చుట్లు తిరిగాడు. ఆగలేదు.

"బండి శానా బాగుండాదన్నా," అన్నాడు.

"ఈమె ఎక్కితేనే ఆగుతాండాదప్పా," అన్నారు మా ఆయన.

"అట్లయితే నన్ను ఎక్కిచ్చుకోని తిప్పప్పా," అన్నాను.

"టెస్టు రైడులో వెనక మనిషిని ఎక్కిచ్చుకునేకి లేదక్కా. రూలు. బండికే మా పూచీ, మనుషులకు కాదు."

"నా బరువుకు సీటు కింద వైరు నలుగుతాంటుంది. ఎత్తి చూడరాదా?"

"సీటెత్తాలంటే ముందు లోపం కనపడల్ల గదక్కా."

లోపం కనపడాలంటే ముందు సీటెత్తాలి. జాబ్ కార్డులో 'లోపమునకు కారణము' అన్న గడిలో తేజేశ్వర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: భార్య. మా ఆయన చదివి, సంతకం పెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేనే సీటెత్తాను. ఒక వైరు సీటుకీ ఇనుప చట్రానికీ మధ్య నలిగి, లోపలి పోగులు తెగీ తెగకుండా ఉన్నాయి. మెలేసి కలిపి, నల్ల టేపు చుట్టి, నలగని చోటికి జరిపి కట్టాను. సాయంత్రం మా ఆయన వెనక కూర్చుని కల్లూరు గుంతలన్నీ (ఇళ్లకంటే ఇవే ఎక్కువ) తిరిగొచ్చాను. ఒక్కసారీ ఆగలేదు.

"చూసినావా? దానంతట అదే కుదురుకుంటాదని నేను చెప్పలే?" అన్నారు.

శనివారం మూడో ఉచిత సర్వీసుకు ఆఖరు రోజు. అంగడి నడిపేవారి ఇంట్లో ఉచితమైనదాన్ని వదిలేయడం అపచారం కనుక మా ఆయన బండిని మళ్లీ అక్కడికే తోలుకుపోయారు. సాయంత్రానికి కడిగి మెరిపించి ఇచ్చారట. వాళ్లిచ్చిన కార్డును మా ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు.

సోమవారం ఎనిమిదిన్నరకు, నందికొట్కూరు దారిలో, బండి ఆగింది. ఇటు చేలు, అటు చేలు. మా ఆయన అప్పుడు కార్డు తీసి పైకి చదివారు: 'సీటు కింద అనుమతి లేని టేపు గుర్తించి తొలగించడమైనది. వైరును కంపెనీ నిర్ణయించిన స్థానంలోనే తిరిగి అమర్చడమైనది.'

"పద్ధతిగా చేసినారు," అన్నారు.

టేపు ఇంట్లో ఉంది. షేర్ ఆటో దొరికి బడికి చేరేసరికి తొమ్మిదీ నలభై. లోపల ఎవరో అమ్మాయి బోర్డు మీద సర్క్యూటు గీస్తోంది. బాగానే గీస్తోంది.

మంగళవారం తేజేశ్వర్ ఫోను చేశాడు.

"అన్నా, బండి ఎట్లుండాది? ఫిర్యాదు ఇంకా తెరిచే ఉండాది ఈడ."

"ఈమెకు ఇంక నందికొట్కూరు పోయే పని లేదులేప్పా," అన్నారు మా ఆయన.

పది నిమిషాలకు సందేశం వచ్చింది: 'వెనక కూర్చునే వ్యక్తికి ఇకపై ప్రయాణ అవసరం లేనందున లోపం పూర్తిగా సరిచేయబడినది. ఫిర్యాదు మూసివేయడమైనది.'