మిషనుకు సాక్షులంటే గౌరవం లేదు

నా అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి. యాభై ఎనిమిదేళ్ల వయసులో మహిళా సంఘంలో పలక పట్టుకున్నాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మీరు చాయ్ తాగి గ్లాసు కడిగేలోపు నేను ఒక వాక్యం రాస్తాను. అయినా ఈ మాట రాయక తప్పదు: కాగితం మీద ఎన్ని సంతకాలుంటే లోకానికి అంత మేలు!

నవ్వకండి. సంతకాల అవసరమే లేకపోతే ఈ రోజుల్లో ఒక మనిషి ఇంకో మనిషి గడప ఎందుకు తొక్కుతాడు?

నా సంగతే చూడండి. నిరుడు మా ఆయన ఎల్లం పోయాడు. మెదక్ మార్కెట్‌లో ఆయన పేరు మీద ఒక గాజుల దుకాణం ఉంది. ఇరవై ఆరేళ్లుగా అందులో కూర్చుని గాజులు తొడిగేది నేనే. దాని పర్మిషన్ నా పేరు మీదికి మార్చమని ఒక ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. ఆఫీసు పేరు చెప్పను, వాళ్లకు పొగడ్తలు గిట్టవు.

ఏడు సంతకాలు తెమ్మన్నారు. ఎంత దయ! కుడిపక్క చెప్పుల దుకాణం, ఎడమపక్క స్టీలు సామాన్ల దుకాణం, వార్డు పెద్దమనిషి, సంఘం లీడరు, ఇద్దరు సాక్షులు, తూప్రాన్‌లో ఉండే మా మరిది ఐలయ్య. ఏడుగురిలో నేను లేను!

"సారూ, నేను సంతకం నేర్సుకున్న" అన్నాను.

"మస్తు సంతోషం అమ్మా" అన్నాడు గుమాస్తా చంద్రకాంత్ సారు. "కానీ పాత రికార్డుల మీ ఏలిముద్ర ఉన్నది. గిప్పుడు సంతకం పెడితే అది మీదేనని ఎవలు చెప్పాలె?"

"నేనే చెప్తున్న గద!"

"మీరు చెప్తే ఎట్ల నడుస్తది?"

నిజమే కదా! నేను నేనేనని నాకేం తెలుసు?

జవాబు మెయిల్‌లో వస్తుందన్నారు. దరఖాస్తులో మా మహిళా సంఘం మెయిల్ అడ్రసు ఇచ్చాను, అక్కడి నుంచి మెయిళ్లు నా ఫోనుకు వస్తాయి. రెండు నెలలు చూశాను. ఏదీ రాలేదు. చివరికి ఆన్‌లైన్ సెంటర్ నడిపే సృజన దగ్గరికి పోతే, నమ్మరాని ఉత్తరాలను పడేసే స్పామ్ డబ్బాలోంచి దాన్ని బయటికి తీసింది.

"దీని మీద మూడు సంతకాలున్నయి పెద్దమ్మా. కంటికి కనబడవు, మిషనే చదువుతది. ఒకటి ఆఫీసుది, ఒకటి ఆఫీసు మెయిళ్లు పంపే కంపెనీది, ఒకటి మీ సంఘంది."

"మూడున్నంక చెత్తల ఎందుకు పడ్డది?"

"సంఘమోళ్లు కింద ఒక లైను అతికించిండ్రు, 'ప్రింటు తీయకండి, చెట్లను కాపాడండి' అని. లోపల ఒక్క మాట కలిసినా ముందు పెట్టిన సంతకాలు చెల్లవు. అట్ల రెండు పోయినయి. సంఘంది ఒక్కటే మిగిలింది."

"మిగిలింది గదనే! సంఘం లీడరంటే చిన్న మనిషా?"

"ఎంత పెద్ద మనిషైతేంది పెద్దమ్మా? ఉత్తరం ఎవల పేరు మీద వచ్చిందో వాళ్ల సంతకమే చూస్తది మిషను. అది ఒక్కటి సరిగ్గ ఉంటే చాలు. పక్కోళ్లయి పది ఉన్నా లేనట్టే."

ఎంత పొగరు చూశారా ఆ మిషనుకు! సాక్షులంటే గౌరవం లేదు. పెద్దమనుషులంటే భయం లేదు. ఇదే పద్ధతి మన ఊళ్లోకి వస్తే ఏం కావాలి? ఆఫీసు గేటు దగ్గర చాయ్‌కి, మిర్చి బజ్జీకి సాక్షి సంతకం పెట్టేవాళ్ల బతుకేం కావాలి? గుండ్రటి ముద్రలు చేసేవాళ్లు రోడ్డున పడరా? మరుదులు ఏం చూసుకుని మీసం తిప్పాలి?

మెయిల్‌లో ఏముందంటే: ఆరు సంతకాలు అందాయి, ఐలయ్యది లేదు. పదిహేనో తారీఖులోగా రాకపోతే పర్మిషన్ రద్దు, దుకాణం ఖాళీ చేయాలి.

ఐలయ్యకు ఫోన్ చేశాను.

"నీకెందుకు వదినె పరేషాన్? దుకాణం నా పేరు మీదికి చేసుకుంట. నువ్వే కూసో, ఎవలొద్దన్నరు?"

"ఏం ఐలయ్యా, గాజులు నువ్వు తొడుగుతవా?"

"గట్లనే మాట్లాడు! నా సంతకం లేంది ఆ ఫైలు కదలదు, యాదుంచుకో" అని పెట్టేశాడు.

సరేనని నేనే ఆఫీసుకు మెయిల్ రాశాను. దుకాణంలో కూర్చునేది నేను, దరఖాస్తు నాది, ఐలయ్యతో పని లేకుండా ఇప్పించండి అని. ఆ నాలుగు లైన్లకు ఒక పూట పట్టింది. సృజన ఒక నకలు తనకూ పంపుకుని చూసి, "నీ మెయిల్ మీది సంతకం మిషను దగ్గర పాస్, పెద్దమ్మా!" అంది. అరవై మూడేళ్లలో నేను పాసైంది అదొక్కటే.

మర్నాడు ఆఫీసుకు పోయాను. చంద్రకాంత్ సారు నా మెయిల్‌ను ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టుకున్నాడు. ఎంతో మర్యాదగా నా చేతికిచ్చాడు.

"మంచిగ రాసిండ్రమ్మా. దీని మీద ఇద్దరు సాక్షులతోని సంతకాలు పెట్టించుకొని రాండ్రి. ఐలయ్యది మాత్రం తప్పదు."

పత్రిక ఎడిటరు గారికి ఒక మనవి. ఇదంతా నేనే రాశానా అని మీకు అనుమానం రావచ్చు. దయచేసి ఐలయ్యను మాత్రం అడగకండి. పైన మాటలు నావి, కింద సంతకం నాది. సాక్షులు లేరు.

రామమ్మ, వయసు 63,
గాజుల దుకాణం వెనక గది, మెదక్ మార్కెట్.
పదిహేనో తారీఖు దాకా ఇక్కడే.