దుప్పటి కింద టైంపీసు

ఆ పొద్దున కుప్పయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి చివర గ్రేసీ అంగడికి పోయి, ఇడ్లీలోకి ఇంత బోటి కూర తిని, భార్య పెంచలమ్మకు తెలియకుండా తిరిగొచ్చి పడుకోవడం.

తిరుపతిలో గుండె కోసి, చెడిపోయిన కవాటం తీసేసి లోహపు కవాటం పెట్టినప్పటి నుంచి ఆయన నోటికి ఉప్పూ కారం దూరమయ్యాయి. రక్తం పలచబరిచే మాత్రలు మింగుతున్న మనిషి ఎక్కడైనా పడి దెబ్బ తగిలించుకుంటే ప్రమాదమని పెంచలమ్మ ఆయన్ను ఒంటరిగా గడప దాటనివ్వదు. కొత్త కవాటం టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. నగరి ఊళ్ళోని ఆ మగ్గాల వీధిలో అది ఇంకెవరికీ వినపడదు గానీ పెంచలమ్మకు వినపడాల్సిందే. హాల్లో పవర్‌లూమ్ నడుపుతూ, నడుమ నడుమ ఆపి, ఆయన గది తలుపుకు చెవి ఆనిస్తుంది. మంచం ఆ తలుపును ఆనుకునే ఉంటుంది మరి. టిక్కు వినపడగానే "ఉండాడు" అనుకుని మళ్ళీ మగ్గం దగ్గరికి పోతుంది.

ఆ చెవిని బురిడీ కొట్టించడానికే కుప్పయ్య పెట్టెలోంచి పెళ్ళినాటి టైంపీసు తీశాడు. పాత స్ప్రింగు తెగుతుందేమోనని భయపడి కొంచెమే కీ ఇచ్చాడు. తలగడను దుప్పటి కింద పడుకోబెట్టి, దాని గుండె మీద టైంపీసు పెట్టాడు. లోపలి తలుపుకు గొళ్ళెం వేసి, తాళంచెవితో సందు వైపు తలుపు తీసి బయటపడి, దానికి ఎప్పటిలాగే మళ్ళీ తాళం వేశాడు. తలకు తుండు చుట్టుకుని దొంగలా నడిచాడు.

"ఏం కుప్పయ్యన్నా, వదిన పంపిచ్చిందా?" అంది గ్రేసీ నమ్మలేనట్టు.

"ఆమే తినిరమ్మనింది," అని ఒక అబద్ధం పడేసి ఆకు ముందు కూర్చున్నాడు.

రెండో ఇడ్లీ తుంచుతుండగా వీధిలో ఏదో తేడా తగిలింది. ఆ చివర ఒక మగ్గం ఆగింది. దాని పక్కదీ ఆగింది. ఒక్కొక్కటే ఆగుతూ వచ్చి వీధంతా సద్దుమణిగింది. ఆ వీధిలో కరెంటు ఉండగా మగ్గాలు అలా ఆగాయంటే ఎవరో పోయారనే అర్థం.

"మంచాన పడుండిన మునిచంద్ర తాత పోయినట్టుండాడే," అంది గ్రేసీ.

"పాపం," అన్నాడు కుప్పయ్య. అన్నాడే గానీ, గుండె కోయించుకున్న తాను మాత్రం బతికి బోటి తింటున్నందుకు లోలోపల కాస్త గొప్పగానే అనిపించింది. ఉత్త చేతులతో పోతే బాగుండదని పక్క బండిలో చామంతి దండ కొన్నాడు.

దారిలో పక్కింటి మురుగేష్ ఎదురొచ్చాడు. తుండు కింది మొహాన్ని అతను చూడనే లేదు. "దండ తెచ్చినావా, మంచిపని చేసినావు. బిన్నా పోప్పా, ఆలస్యం చేయొద్దు."

"ఎవురు పోయినారప్పా?"

"మన కుప్పయ్యన్నే! గుండెలో మిషను ఆగిపోయిందంట. పిలిస్తే పలకలేదంట. తలుపు పగలగొట్టను గడపార తేను పోతా ఉండా!" అంటూ పరిగెత్తాడు.

ఆగింది తన గుండె కాదు, టైంపీసు అని కుప్పయ్యకు అర్థమైంది. పారిపోదామనుకున్నాడు. కానీ పారిపోవడానికి ఆయనకు ఆ ఇల్లు తప్ప ఇంకో చోటు లేదు.

ఇంటి ముందు వీధి వీధంతా ఉంది. కుప్పయ్య జనం వెనక నక్కి నిలబడ్డాడు. హాల్లో పెంచలమ్మ తలుపు పట్టుకుని ఏడుస్తోంది. "నిన్న బోటి కూర కావాలంటే కసిరినానే! మనసు ఊరుకోక డాక్టరుకు ఫోను చేసినా. ఒకపూట కొంచెం తింటే తప్పులేదన్నాడు. పొద్దున్నే లేచి చేసి, తిందువు రా అని పిలవను వస్తే టిక్కు కూడా వినపడలేదే!" వంటింట్లోంచి మాడుతున్న బోటి వాసన వస్తోంది.

కుప్పయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. గొంతులో గ్రేసీ మసాలా ఘాటు ఇంకా తగ్గలేదు. ఈలోగా మురుగేష్ గడపార పోట్లకు తలుపు ఊడింది. దుప్పటి లాగి చూసి, "ఈడ టైంపీసు ఉండాది, మనిషి లేడు!" అని దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు.

"పెంచలా," అన్నాడు కుప్పయ్య వెనక నుంచి.

ఒక ముసలామె కెవ్వుమంది. జారిన తుండు, చేతిలో దండ, మీసానికి అంటిన కూర, అన్నిటినీ వీధి తీరిగ్గా చూసింది. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననుకున్నాడు కుప్పయ్య.

తిడుతుందనుకున్నాడు. కొట్టినా కొడుతుందనుకున్నాడు. పెంచలమ్మ నేరుగా వచ్చి ఆయన రొమ్ముకు చెవి ఆనించింది. మగ్గాలన్నీ ఆగిన ఆ వీధిలో ఆ టిక్కు టిక్కు మొదటిసారి దగ్గరున్న వాళ్ళందరికీ వినపడింది. చాలాసేపు విని, "ఉండాడు," అంటూ అక్కడే కూలబడిపోయింది. ఇంతకన్నా నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేదే అనిపించింది కుప్పయ్యకు.

"తప్పయిపోయింది పెంచలా," అన్నాడు తల వంచుకుని.

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మీసం తుడుచుకో," అంది.

మాడని మేర కూర తీసి తలుపు పగలగొట్టినవాళ్ళకు పెట్టింది. కుప్పయ్యకు ఉప్పులేని గంజి పోసింది. చామంతి దండను మాత్రం వృథా పోనివ్వలేదు, టైంపీసుకు వేసింది.